ఎండలకి మా లాబ్రడార్ తెగ వగరుస్తున్నాడు, గుండు కొట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?

బ్రూనో_అమ్మ | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా చదువుతూనే ఉన్నా గానీ రాయడం ఇదే మొదలు. మా బ్రూనోకి ఎనిమిదేళ్ళు. లాబ్రడార్. బరువు 41 కిలోలు. ఎక్కువేనని తెలుసు, దానికి వేరే తిట్లు తింటాలెండి.

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వాడి అవస్థ చూడలేకపోతున్నా. పగలంతా బాత్రూమ్ గచ్చు మీద పొట్ట ఆనించి, వెనక కాళ్ళు కప్పలా చాపి పడుకుంటాడు. సాయంత్రం ఆరింటికి బయటికి తీసుకెళ్తే రోడ్డు మధ్యలో కూలబడిపోతున్నాడు. రాత్రి తలుపులన్నీ మూసి కూలర్ పెడుతున్నా. అయినా రెండింటికి లేచి చూస్తే నాలుక వేలాడేసి వగరుస్తూనే ఉంటాడు.

పక్కింటావిడ గుండు కొట్టించమంటుంది. మా ఆయనేమో గిన్నెలో ఐస్ ముక్కలు వేస్తే చాలంటారు. ఐస్ నీళ్ళు తాగితే కడుపు మెలిపడుతుందని ఎక్కడో చదివాను. ఎవరి మాట వినాలి?


పరుగో_పరుగు | సోమవారం, ఉదయం 8:05

మరీ కంగారుపడకండి మేడమ్. కుక్కలు మనకంటే మొండివి. మా బాక్సర్‌తో రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడతా, ఎండాకాలమైనా సరే. గిన్నె నిండా నీళ్ళుండాలి, అంతే. ఆగాలనిపిస్తే వాళ్ళే ఆగుతారు.


జూలు_సింహం | సోమవారం, ఉదయం 8:31

అక్కా, గుండు మాత్రం వద్దు! చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి చెప్తున్నా.

రెండేళ్ళ కిందట మా హస్కీకి చేయించాను. బొచ్చు దువ్వేవాడు "నున్నగా తీసేస్తాను, హాయిగా తిరుగుతుంది" అన్నాడు. మొదటి రెండు రోజులు ముద్దుగానే ఉంది. మూడో రోజుకి వీపు గులాబీ రంగుకి తిరిగి, చెయ్యి వేస్తే ముడుచుకుపోయింది. ఎండకి చర్మం కమిలిందన్నమాట. బొచ్చేమో ఏడాదిన్నరకి గానీ రాలేదు. వచ్చింది కూడా ఒకచోట ఉన్నిలా, ఒకచోట చీపురు పుల్లల్లా. ఇప్పటికీ నడుము దగ్గర రంగు వేరే.

మీ లాబ్రడార్‌కి కూడా మా దానిలాగే రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన గరుకు వెంట్రుకలు, కింద మెత్తటి నూగు. పైపొర ఎండ చర్మానికి తగలకుండా గొడుగులా అడ్డుపడుతుంది. తీయాల్సింది కింది నూగుని. పొడుగు పళ్ళ దువ్వెనతో రోజు విడిచి రోజు దువ్వండి. మొదటిసారి దువ్వినప్పుడు మా ఇంట్లో ఇంకో కుక్కపిల్లంత బొచ్చు పోగైంది. పొట్ట కింద కాస్త కురచగా కత్తిరిస్తే ఫర్వాలేదు, చల్లటి గచ్చు బాగా తగులుతుంది.


నాలుక్కాళ్ళు | సోమవారం, ఉదయం 9:10

ఆరింటికి బయటికి తీస్కపోతున్నా అన్నరు కదా అక్కా, అక్కడనే ఉంది లొల్లి. సూర్యుడు దిగినా తారు రోడ్డు దిగదు. పొద్దంతా తాగిన వేడిని రాత్రి దాంక కక్కుతనే ఉంటది. నీడల గాలి 25 డిగ్రీలే ఉన్నా ఎండల ఉన్న తారు 50 దాటుతది. మనం చెప్పులు ఏసుకుంటం, మనకేం తెలుస్తది?

బయటికి పోయే ముందు మీ అరచెయ్యి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టుండ్రి. ఏడు దాంక ఉంచలేకపోతే కుక్కను దించద్దు.

పోయినేడు మావోడు ఒక రాత్రి అదేపనిగ ముందరి కాళ్ళు నాకుతుంటే ఏదో గుచ్చుకున్నదనుకున్న. తిప్పి చూస్తే కాలి మెత్తల మీద తోలు పొక్కు లేసి, తమలపాకంత పొర ఊడొచ్చింది. నడిపించింది ఇరవై నిమిషాలే. మానడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిసంది తెల్లారకముందే తీస్కపోతున్న. రాత్రంతా ఆరి రోడ్డు చల్లగుండేది ఆ ఒక్క పూటనే. మీవోడు కూలబడుతున్నడంటే మొండితనం కాదు, వాని కాళ్ళు కాలుతున్నయేమో చూడుండ్రి.


బ్రూనో_అమ్మ | సోమవారం, ఉదయం 9:42

చూశానండీ. కాళ్ళు బాగానే ఉన్నాయి, గోళ్ళే కాస్త పెరిగాయి. గుండు ఆలోచన మానేశాం, పక్కింటావిడకి చెప్పేశా. కానీ గచ్చు మీద పడుకుని, కూలర్ పెట్టుకుని కూడా రాత్రి ఎందుకు వగరుస్తున్నాడు? అదే అంతుబట్టడం లేదు.


పశువైద్య_మిత్ర | సోమవారం, మధ్యాహ్నం 1:15

బ్రూనో అమ్మగారూ, మీ మొదటి పోస్టులోనే సగం జవాబు ఉంది. "తలుపులన్నీ మూసి కూలర్" అన్నారు.

మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది, గాలి తగలగానే ఆరి చల్లబడతాం. కుక్కకి చెమట పట్టేది కాలి మెత్తల దగ్గరే. ఒళ్ళు చల్లారడానికి అది లెక్కలోకి రాదు. దాని పనంతా వగర్పు మీదే నడుస్తుంది. నాలుక మీద, ముక్కు లోపల, నోటిలో ఉన్న తడి ఆవిరవుతూ రక్తంలో వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉంటేనే ఆ తడి ఆరుతుంది. మీరు గది మూసి కూలర్ వేస్తే తడి గాలి బయటికి పోయే దారి ఉండదు. గంట తిరిగేసరికి గది ఉక్కపోత. అప్పుడు వాడు ఎంత వగర్చినా నోటి తడి ఆరదు. పైగా వగర్చడానికి కండరాలు పనిచేయాలి, ఆ పని మళ్ళీ వేడి పుట్టిస్తుంది. కూలర్ పెడితే ఎదురు కిటికీ తీసి ఉంచండి. ఇప్పటికే ఉక్కగా ఉన్న రోజున కూలర్‌లో నీళ్ళు ఆపేసి ఫ్యానే వాడండి. ఒట్టి ఫ్యాన్ గాలి చెమట పట్టని ఒంటికి పెద్దగా పనిచేయదు కాబట్టి పొట్ట, తొడల లోపలి వైపు నీళ్ళతో తడిపి, అప్పుడు గాలి తగలనివ్వండి.

ఐస్ గురించి: చల్లటి నీళ్ళు తాగడం వల్ల కడుపు మెలిపడుతుందనడానికి ఆధారం లేదు. మీవారి ముక్కలు వేయొచ్చు. ఆడి వచ్చి రొప్పుతున్నప్పుడు గిన్నెడు నీళ్ళు ఒక్క గుక్కలో మింగనివ్వకుండా కొంచెం కొంచెం పెట్టండి, చాలు.

ఇప్పుడు నాకో ప్రశ్న. ఎనిమిదేళ్ళ లాబ్రడార్ అంటే అడగకుండా ఉండలేను. ఈ మధ్య వాడి మొరుగు మారిందా? బొంగురుపోయిందా? గాలి లోపలికి పీల్చేటప్పుడు గరగరమని శబ్దం వస్తోందా? నీళ్ళు తాగుతూ దగ్గుతున్నాడా?


బ్రూనో_అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1:38

డాక్టర్ గారూ, చదవగానే ఒళ్ళు జలదరించింది. మొరుగు బొంగురుపోయి మూడు నాలుగు నెలలైంది. "ముసలాడైపోతున్నావురా" అని నవ్వుకున్నాం. నీళ్ళు తాగాక దగ్గుతాడు కూడా. గబగబా తాగుతాడు కదా, అందుకనుకున్నా.


పశువైద్య_మిత్ర | సోమవారం, మధ్యాహ్నం 1:50

కంగారు వద్దు గానీ ఆలస్యం కూడా వద్దు. పెద్దవయసు లాబ్రడార్లలో స్వరపేటిక పక్షవాతం తరచూ చూస్తుంటాం. గాలి పీల్చినప్పుడు గొంతులో రెండు తలుపుల్లాంటివి తెరుచుకోవాలి. వాటిని లాగే నరం బలహీనపడితే అవి సగం మూసుకునే ఉంటాయి. చల్లటి రోజుల్లో ఇబ్బంది తెలియదు. ఎండలో గట్టిగా వగర్చాల్సి వచ్చినప్పుడు సన్న గొట్టంలోంచి గాలి లాగినట్టే ఉంటుంది. అదే అని నేను చూడకుండా చెప్పలేను. ఈ వారంలోనే మీ డాక్టర్‌కి చూపించండి. ఈలోపు మెడకి పట్టా తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. పరుగులు, ఆటలు బంద్.


కొత్తగా_వచ్చా | సోమవారం, సాయంత్రం 4:20

అందరికీ హాయ్, మా పమేరియన్‌కి ఒళ్ళు కాలిపోతోంది, ముక్కు ఎండిపోయింది. మనుషుల జ్వరం బిళ్ళ సగం వేయొచ్చా? పారాసిటమాల్ ఉంది ఇంట్లో.


పశువైద్య_మిత్ర | సోమవారం, సాయంత్రం 4:26

వద్దు. వేసి ఉంటే ఇప్పుడే ఫోన్ తీసి డాక్టర్‌తో మాట్లాడండి.

జ్వరం వేరు, ఎండ వేడి వేరు. జ్వరంలో మెదడే "ఒళ్ళు ఇంత వేడిగా ఉండాలి" అని మీట పైకి జరుపుతుంది, బిళ్ళ దాన్ని కిందికి దించుతుంది. ఎండకి వేడెక్కినప్పుడు మీట ఉన్నచోటే ఉంటుంది, వేడి బయటికి పోలేక పెరుగుతుంది. బిళ్ళ దించడానికి అక్కడేమీ లేదు. లివర్ మీద భారం మాత్రం మిగులుతుంది. ఇబుప్రొఫెన్ ఇంకా ప్రమాదం, కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది.

ముక్కు తడి చూసి ఏమీ తేల్చలేం, నిద్ర లేచిన కుక్క ముక్కు తరచూ పొడిగానే ఉంటుంది. డిజిటల్ థర్మామీటర్ మొనకి వాజిలీన్ రాసి మలద్వారంలో కొద్దిగా పెట్టి చూడండి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. మనకి 98 కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది.


కొత్తగా_వచ్చా | సోమవారం, సాయంత్రం 4:51

వెయ్యలేదు మేడమ్, బతికించారు. 101.8 ఉంది. పెట్టించుకోడానికి ఒప్పుకోలేదు, నా చొక్కా చింపింది. 😅


పగ్_బాబాయి | సోమవారం, రాత్రి 9:30

ఇది రాయాలా వద్దా అని సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నా. బ్రూనో అమ్మగారు భయపడతారేమో. అయినా రాస్తున్నా.

మా బుజ్జి పగ్. ఆరేళ్ళు. పోయిన వేసవిలో మా పిల్లలు పెరట్లో బంతి ఆట ఆడారు. పెద్ద ఎండ కూడా కాదు, మబ్బుగా ఉంది, ఉక్కపోత. పావుగంట ఆడుంటుంది. లోపలికి వచ్చి తూలింది. నాలుక చివర వెడల్పై తెడ్డులా వేలాడుతోంది, చొంగ జిగటగా తాడులా సాగుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ఇటుక రంగు. నాకు వెంటనే తోచింది ఒక్కటే, ఆస్పత్రికి. తడి టవల్‌లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను. మొదట వెళ్ళిన చోట మూసేసి ఉంది. రెండో చోటికి చేరేసరికి నలభై నిమిషాలు. అప్పటికి ఆ టవల్ ముట్టుకుంటే కాపడం గుడ్డలా ఉంది. 108 అన్నారు. ఆ రాత్రి కాస్త తేరుకున్నట్టే ఉంది, నీళ్ళు కూడా తాగింది. మర్నాడు రక్తవిరేచనాలు. మూడో రోజు పోయింది.

ఇంటి దగ్గర కుళాయి ఉంది. పక్కనే బకెట్ నిండా నీళ్ళున్నాయి. ఆ బకెట్ దాటుకునే వెళ్ళాను నేను.


జూలు_సింహం | సోమవారం, రాత్రి 9:44

బాబాయ్... ఏం రాయాలో తెలియడం లేదు. 🙏


పశువైద్య_మిత్ర | సోమవారం, రాత్రి 10:20

బాబాయి గారూ, మీరు చేసింది దాదాపు అందరూ చేసేదే. బ్రిటన్‌లో పశువైద్యశాలల రికార్డులు తిరగేసిన రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళకి కనబడింది కూడా ఇదే: వడదెబ్బ తగిలిన కుక్కల్లో బయల్దేరే ముందు చల్లబరిచినవి నాలుగో వంతు కూడా లేవు. తడి టవల్ చుట్టమని ఒకప్పుడు మా పుస్తకాలే చెప్పాయి. చుట్టిన టవల్ కింద వేడి బంధీ అయిపోతుంది, గాలి తగలదు. ఇప్పుడు చెప్పేది ఒకటే: ముందు చల్లబరచండి, తర్వాత బండెక్కించండి.

కుక్క తూలినా, పిలిస్తే పలక్కపోయినా, వాంతి చేసుకున్నా థర్మామీటర్ కోసం వెతుకుతూ కూర్చోకండి. నీడకి లాగి నీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళు చాలు. దాని ఒంటికంటే చల్లగా ఉన్న ఏ నీళ్ళైనా పనికొస్తాయి. మెడ, ఛాతీ, పొట్ట, తొడల సందుల్లో పోస్తూ చేత్తో బొచ్చు విడదీయండి, నీళ్ళు చర్మానికి తగలాలి. ఇంకొకరు అట్టముక్కతో విసరాలి. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కయితే తల పైకి పట్టుకుని టబ్బులో మెడదాకా దించేయొచ్చు. ముసలివాటికి, గుండె జబ్బు ఉన్నవాటికి పోయడం, విసరడం మేలు. సోయలో లేని కుక్క నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు ఆస్పత్రికి ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి. 103.5కి దిగగానే ఆపేయండి, లేకపోతే మరీ కిందికి పోతుంది. దారిలో కిటికీలు తీసి ఉంచండి.

లేచి తోక ఊపినా సరే, ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఒళ్ళు ఉడికినప్పుడు పేగుల లోపలి పొర, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతింటాయి. ఆ దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. మీ బుజ్జికి జరిగింది అదే.


పరుగో_పరుగు | మంగళవారం, ఉదయం 6:55

డాక్టర్ గారూ, ఒక సందేహం. చన్నీళ్ళు పోస్తే చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందని, షాక్ వస్తుందని విన్నా. ఇంకోటి, వడదెబ్బ అంటే కార్లో వదిలేసిన కుక్కలకి కదా? నడిచే కుక్కకి అంత ప్రమాదమా?


పశువైద్య_మిత్ర | మంగళవారం, ఉదయం 7:30

రక్తనాళాలు కొంత ముడుచుకునే మాట నిజమే, కానీ నీళ్ళు లాగేసే వేడి ముందు అది ఏపాటిది! ఎండలో పరిగెత్తి కూలిన క్రీడాకారుల్ని మంచునీళ్ళ తొట్లో దించే కదా బతికిస్తున్నారు.

రెండోదానికి: కారు చంపుతుంది, అందులో అనుమానం లేదు. బయట 24 డిగ్రీలున్నా పది నిమిషాల్లో లోపల 34 అవుతుంది, అద్దం రెండు వేళ్ళు దించినా పెద్ద తేడా రాదు. కానీ నేను చెప్పిన ఆ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళే 2020లో కారణాలు లెక్క తీస్తే, నూటికి 74 కేసులు నడక, పరుగు, ఆటల వల్ల వచ్చినవి. కార్లవి 5. "ఆగాలనిపిస్తే వాళ్ళే ఆగుతారు" అన్నారు చూడండి, ఆగరు. యజమాని పరిగెడుతుంటే, బంతి ఎగురుతుంటే పడిపోయేదాకా వస్తారు. పైగా మీది బాక్సర్, పొట్టి ముక్కు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాగే దానికీ వేడి బయటికి పంపే దారి చిన్నది. పండితే గురక పెడుతుందా?


పరుగో_పరుగు | మంగళవారం, ఉదయం 7:41

పెడుతుంది. మాకు అదే జోలపాట.

సరే, ఎండలు తగ్గేదాకా పరుగు నాకొక్కడికే. నిన్న ఎగతాళిగా రాసినందుకు సారీ బ్రూనో అమ్మగారూ.


నాలుక్కాళ్ళు | మంగళవారం, ఉదయం 8:15

నడక బంద్ చేస్తే ఇల్లు పీకి పందిరేస్తదని భయపడకు తమ్మీ. దాణా గింజలు పాత టవల్ మడతలల్ల దాచిపెట్టి ఎతకమను. ముక్కుతోని పావుగంట ఎతికితే మంచిగ అలసిపోతది. తర్వాత గుర్రు.

రేకుల గూడు ఉన్నోళ్ళు కూడ ఒక్కసారి మధ్యాహ్నం పూట అండ్ల చెయ్యి పెట్టి చూడుండ్రి. నీడ అనుకుంటం, అది పొయ్యి. చెట్టు కింద గాలి ఆడేటట్టు కట్టేస్తే దానికన్న నయం. నీడ జరిగినప్పుడల్ల కుక్క కూడ జరిగేటంత తాడు ఉండాలె.


జూలు_సింహం | మంగళవారం, ఉదయం 10:02

మూతికి కట్టే గుడ్డ పట్టీ కూడా ఎండలో వద్దు. నోరు తెరవనివ్వదు, వగర్చలేవు. పెట్టక తప్పదనుకుంటే బుట్టలా ఉండేది వాడండి.

డాక్టర్ గారూ, పోలీసు కుక్కలకి నీళ్ళలో తల ముంచడం నేర్పుతారని విన్నాను, నిజమేనా?


పశువైద్య_మిత్ర | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నిజమే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అలాంటి పనికుక్కల కేంద్రం ఒకటి ఉంది. వ్యాయామంతో వేడెక్కిన కుక్కల మీద నాలుగు పద్ధతులు పోల్చి 2024లో ప్రచురించారు. మెడ మీద ఐస్ ప్యాకులు, మెడ మీద తడి టవల్, చంకల్లో తడి టవళ్ళు, బకెట్లో తల ముంచడం. అన్నిటికంటే త్వరగా చల్లబడింది తల ముంచినవే. నీళ్ళ అడుగున బొమ్మ వేస్తే దానికదే తల పెట్టి తీసుకోవాలి, మెడ పట్టి ముంచకూడదు. చల్లగా ఉన్న రోజుల్లో ఆటగా నేర్పండి. తెలివిలో ఉండి, చెప్పిన మాట వింటున్న కుక్కకే ఇది. బ్రూనోకి, గొంతు సంగతి తేలేదాకా, అస్సలు వద్దు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈత కూడా వద్దు.


పరుగో_పరుగు | గురువారం, సాయంత్రం 5:48

తల ముంచుడు నేర్పుదామని బకెట్లో బంతి వేశాను. బంతి తేలింది. అది బకెట్‌నే పడేసింది. రబ్బరు ఎముక వేస్తే కాలితో తీసింది. మూడో రోజు గడ్డం తడుపుకుంది. ఇల్లంతా తుడుస్తున్నది నేను, మా ఆవిడ వీడియో తీస్తోంది.


బ్రూనో_అమ్మ | శనివారం, రాత్రి 8:30

గురువారం చూపించాం. కొద్దిగా మత్తిచ్చి గొంతులోకి చూశారు. ఎడమ వైపు తలుపు కదలడం లేదట, కుడిది నెమ్మదిగా కదులుతోందట. డాక్టర్ గారు అన్నదే.

ఆపరేషన్ ఉందట. ఒక తలుపుని పక్కకి లాగి కుట్టేస్తారట, తర్వాత మేత ఊపిరితిత్తుల్లోకి పోకుండా జీవితాంతం జాగ్రత్తపడాలట. ఇప్పుడే వద్దు, ముందు ఏడెనిమిది కిలోలు తగ్గించి, ఎండల్లో కదలకుండా చూసుకోమన్నారు. వగర్చేటప్పుడు నాలుక నీలంగా మారితే మాత్రం అర్ధరాత్రైనా తీసుకురమ్మన్నారు. మెడ పట్టా తీసేశాం. నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకి హార్నెస్‌తో గడ్డిలో పది నిమిషాలు తిరిగాడు, ఎక్కడా కూర్చోలేదు. కూలర్ ఎదురు కిటికీ తీసి పడుకుంటున్నాం, దోమలొస్తున్నాయని మా ఆయన గొణుగుతున్నారు.

బాబాయి గారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. పొద్దున చూస్తే గుమ్మం పక్కన రెండు బకెట్ల నీళ్ళు, వాటి మీద ఒక అట్టముక్క.


పగ్_బాబాయి | శనివారం, రాత్రి 9:05

మూత పెట్టమనండి అమ్మా, దోమలు గుడ్లు పెడతాయి. రోజూ మార్చమనండి. మా ఇంట్లోనూ ఒకటి పెట్టాను. ఇప్పుడు కుక్క లేదు. పిల్లలు తీయనివ్వడం లేదు.